మావయ్య పీకిన వైరు

ఏ యంత్రం కనిపించినా మా మావయ్య ముందు దాని మీద అరచెయ్యి ఆనించేవాడు. ఖిదిర్‌పూర్ ఓడరేవు డాకుల్లో ఏళ్ల తరబడి క్రేన్ నడిపిన చెయ్యి అది. రిటైరయ్యాక రోజూ నాకన్నా ముందే వచ్చి, ఏక్‌బాల్‌పూర్‌లోని నా డీటీపీ షాపు తెరిచేవాడు. మధ్యాహ్నానికల్లా కంప్యూటర్ డబ్బాను తడిమి, "ఒల్లు కాలిపోతందిరా దీనికి," అనేవాడు.

ఆ ఏడు, యంత్రాలకు బొట్టు పెట్టి పూజ చేసే విశ్వకర్మ పూజనాడే పెళ్లి కార్డులు ఇవ్వాల్సి వచ్చింది. కంప్యూటర్ ఆన్ చేస్తే లోపల ఫ్యాను తిరుగుతోంది కానీ తెర నల్లగానే ఉంది. డబ్బా విప్పి, ర్యామ్ తీసి, తుడిచి, మళ్లీ పెట్టాను. వెలగలేదు. చేసిందే చేసి విసిగిపోయాక మానిటర్ వెనక చూశాను. వైరు పీకేసి ఉంది. దాని కొసకు కుంకుమ బొట్టు.

"నువ్వేనా మావయ్యా?"

"నానే. ఈయాల డాకుల్లో ఏ క్రేనూ కదల్దు. దీనికి మాత్రం సెలవొద్దేటి?"

పెళ్లివాళ్లు వచ్చేస్తారని అరవబోయాను. ఓపిక లేక టేబుల్ మీద తల వాల్చేశాను.

ఆ అరచెయ్యి వచ్చి నా మెడ మీద ఆనింది.

"ఏటిరా, నీకూ ఒల్లు కాలిపోతంది," అంటూ వెళ్లి షట్టరు దించేశాడు.