రంగు పోయిన నీళ్లు

నిన్నటి వానకు తడిసిన పాత తలుపు మూలన తెల్లటి బూజు కనిపించింది. గోరుతో గీరితే నానిన కట్టె వాసన. ఆ వాసన తగిలితే చాలు, పోశయ్య మాస్టర్ గుర్తొస్తారు, నాకు ఒళ్లు మండుతుంది. ఆ మంట ఆయన మీద కాదు.

తెలుగు నేలకు దూరంగా, పాండేసరలోని ఒక అద్దకం మిల్లులో నేను నీళ్లు పరీక్షించే కెమిస్టుని. ఆయన రంగులు కలిపే మాస్టర్, తెలంగాణ నుంచి వచ్చిన నేతవారి బిడ్డ. ఒకరోజు నన్ను బాయిలర్ కట్టెల దగ్గరికి పిలిచారు. మురుగు రంగునీళ్లకు దుంగలన్నీ ఎర్రబారాయి. బూజు పట్టిన దుంగ ఒక్కటే తెల్లగా ఉంది.

"గీ బూజు రంగును తింటాంది బిడ్డా. ఎట్లనో జర చూడు."

చదివి చెప్పాను. ఈ బూజు కట్టెను మింగి అరిగించుకోదు. తన రసాలను బయటికి వదిలి, గట్టి కట్టెను బయటే విరగ్గొడుతుంది. అవే రసాలు రంగునూ విరగ్గొడతాయి. తప్పించుకుని లోపలికొచ్చిన విషాన్ని మళ్లీ బయటికి నెట్టేస్తుంది.

"అంటే ఇషాన్ని వాకిట్లనే ఆపుతది. మనమేమో పీల్చినంక ఆలోచన జేస్తం," అని నవ్వబోయి దగ్గారు. ఏళ్లతరబడి రంగు పొడి పీల్చిన దగ్గు అది.

మొదటి లాక్‌డౌన్ సడలించాక కొద్దిమందితోనే మిల్లు తెరిచారు. మేమిద్దరం డ్రమ్ముల్లో చెక్కపొట్టు నింపి, బూజు పెంచి, మురుగునీళ్లు పోశాం. కొన్నాళ్లకు ఎరుపు విరిగి నీళ్లు తేటపడ్డాయి. నేను ఎగిరి గంతేశాను. ఆయన మాత్రం రెండు తడిగుడ్డల్లో మెంతులు కట్టారు, ఒకటి కుళాయి నీళ్లతో, ఒకటి మా నీళ్లతో. కుళాయి నీళ్లవి మొలిచాయి. మావి ఉబ్బి కుళ్లిపోయాయి.

"ఇన్నేండ్లు కండ్లతోనే పనిచేసిన. కన్ను రంగు సంగతి చెప్తది, ఇషం సంగతి చెప్పది."

నిజమే. రంగు విరిగింది కానీ దాని ముక్కలు నీళ్లలోనే ఉన్నాయి. బూజుకు ఇంకా సమయం కావాలి. మేనేజర్‌కు అంత ఓపిక ఎక్కడిది? ఆయన మా కోస్తా మనిషే.

"రంగు పోయింది కదమ్మా, ఇంకేం కావాలి? ఈ కరోనాలో చూడ్డానికొచ్చేదెవరు? నీళ్లు శుభ్రమని రిపోర్టు మీద సంతకం పెట్టు, కాలవలోకి వదిలేద్దాం."

"ఆ కాల్వ పొంటి మనోళ్ల పోరగాండ్లు ఆడుకుంటరు సాబ్. వదలనియ్య," అన్నారు మాస్టర్.

మర్నాడే, వయసు మళ్లినవారికి కరోనా ప్రమాదమట, మాస్టర్‌ను ఇంట్లోనే ఉండమన్నారు. ఎంత దయ! ముక్కుకు గుడ్డ కూడా ఇవ్వకుండా పొడి కలిపించినన్నాళ్లూ ఆ ఊపిరితిత్తులు ఎవరికీ గుర్తురాలేదు.

నేను సంతకం పెట్టాను. ఉద్యోగం పోతుందన్న భయం, అంతే. మేనేజర్‌ను తిట్టుకున్నప్పుడల్లా ఆ తిట్టు సగం నాకే తగులుతుంది.

రెండో వేవ్‌లో పర్వత్ పాటియాలోని తన గది నుంచి మాస్టర్ ఫోన్ చేశారు. మాటకూ మాటకూ మధ్య ఆయాసం.

"సంతకం పెట్టినవా బిడ్డా?"

"లేదు మాస్టర్."

"మంచిగ చేసినవ్. నువ్వు పెట్టవని నాకెరుకే."

మూడో రోజు ఆయన పోయారు. ఆ తర్వాత నేను ఏ దొంగ కాగితం మీదా సంతకం పెట్టలేదు. అందుకు రెండు ఉద్యోగాలు పోయాయి. నిజాయితీపరురాలినని జనం అంటుంటే పళ్లు కొరుక్కుంటాను. ఆయన మెచ్చుకోలు నాది కాదు. తిరిగిచ్చేద్దామంటే ఆయన లేరు.