మీ తాతయ్య పెట్టిన హెడ్డింగు

రాస్తున్నావా అమ్మలూ? ఈ ఊరివాళ్లలా "ఓకే లా" అనడం కాదు, నే చెప్పింది చెప్పినట్టు రాయి.

మీ నాన్న కంప్యూటర్ ఉద్యోగమని ఈ సింగపూర్‌కొచ్చిన కొత్తలో, నువ్వు పుట్టక ముందు, పాసిర్ రిస్‌లో ఉండేవాళ్లం. మన వైపు కుర్రాళ్లు బోల్డుమంది షిప్‌యార్డుల్లో చేసేవారు. వాళ్లు చదువుకోడానికని ఇక్కడి తెలుగువాళ్లు నెలకో చిన్న పత్రిక వేసేవారు. మీ తాతయ్య రిటైరయ్యేదాకా పేపరాఫీసులో పనిచేసిన మనిషి కదా, ఇంగ్లీషు వార్తలు తెలుగు చేసిచ్చేవారు.

ఓసారి భూమి వేడెక్కి సముద్రాలు పెరుగుతున్నాయని వచ్చింది. ఇంగ్లీషులో ప్రతి లైనుకీ పెరగొచ్చు, మునగొచ్చు, కొన్ని దశాబ్దాల్లో అని ఉందిట. అవన్నీ తీసి పారేశారు. "రావచ్చు అంటే ఎవడు చదువుతాడే" అని నన్నే కసిరి, పైన ఇంతింత లావు అక్షరాల్తో పెట్టారు: సముద్రం ముంచుకొస్తోంది, తీరం ఖాళీ చెయ్యాల్సిందే.

మన కోస్తావాళ్లు ఆ మాట ఎప్పుడు వింటారో తెలుసా? తుపానప్పుడు. రేడియోలో ఆ మాటొస్తే ఇంకేం అడగరు, పిల్లల్ని చంకనేసుకుని స్కూలు బిల్డింగుకి పోవడమే. షిప్‌యార్డు కుర్రాడొకడు, సముద్రపొడ్డు వాడే, హెడ్డింగు దగ్గరే ఆగిపోయి పెళ్లానికి ఫోన్ చేసేశాడు. ఆ పిల్ల ఇద్దరు పిల్లల్నీ, ముసలత్తనీ తీసుకెళ్లి స్కూల్లో కూచుంది. బయట చూస్తే ఎండ. "ఏమే, మీ ఆయన సింగపూర్ నుంచి తుపాను పంపాడా" అని ఊరంతా ఏడిపించారట.

ఆదివారం ఆ కుర్రాడు ఇంటికొచ్చాడు. కోప్పడలేదు. కుర్చీలో కూడా కూచోలేదు. "ఇంక నేను చెప్పినా, రేడియో చెప్పినా మా ఆవిడ కదలనంటోంది బాబాయ్ గారూ. వచ్చేవి తుపాను రోజులు" అన్నాడు.

మీ తాతయ్య మొహం చూడాల్సింది. ఫోన్ కార్డు తీసి, ఆ పిల్ల పక్కింటికి తనే చేసి పిలిపించారు. స్పీకర్లో పెడితే నేనూ విన్నా. "మీ ఆయన తప్పేం లేదమ్మా, నేనలా రాశాను. తుపాను కబురొస్తే మాత్రం కదులు తల్లీ" అన్నారు.

"అయితే మీరు రాసింది అబద్ధమాండీ?"

"నిజమే. మెల్లిగా వస్తుంది, నీ మనవల నాటికి. నేను ఇవాళే అన్నట్టు రాశాను."

"మెల్లిగా అని రాస్తే మా ఆయన చదివేవాడాండీ?" అంది ఆ పిల్ల.

పై నెల పత్రికలో ఈయన ఆ వార్తే మళ్లీ రాశారు, రావచ్చులూ దశాబ్దాలూ అన్నీ పెట్టి. దాని గురించి ఒక్కడూ మాట్లాడలేదు.

దీపావళి వెళ్లాక నిజం తుపానే వచ్చింది. ఆ కుర్రాడు మా ఇంట్లోనే కూచుని ఆ పక్కింటికి ఫోన్ చేస్తూనే ఉన్నాడు. మోగుతోంది, ఎవరూ ఎత్తట్లేదు. "ఎత్తకపోతేనే మంచిదిరా, అందరూ వెళ్లిపోయినట్టు" అన్నారు మీ తాతయ్య. అన్నారేగానీ, మళ్లీ ఆ నంబరు తనే నొక్కారు.

మర్నాడు కబురు తెలిసింది. పక్కింటివాళ్లు వెళ్తూ రమ్మంటే ఆ పిల్ల వెళ్లలేదుట. నీళ్లు వాకిట్లోకొచ్చాక, అత్తని వీపు మీదేసుకుని, పిల్లల్ని ముందు నడిపించుకుని, మొల్లోతు నీళ్లలో స్కూలుకి చేరిందిట. అందరూ దక్కారు.

ఆ తర్వాత కూడా మీ తాతయ్య వార్తలు రాసిస్తూనే ఉన్నారు. పైన హెడ్డింగు మాత్రం ఖాళీగా వదిలేసి, మీరే పెట్టుకోండి అనేవారు.