చిన్నరైలు ఆగిన చోటు

టెక్కలి దారిలో పొలాల మధ్యనున్న పాత కట్టడం ఒకప్పటి నారోగేజి చిన్నరైలు స్టేషనని నేను, కాదు ధాన్యం గోదామని మా ఆయన ఏడాదిపాటు వాదించుకున్నాం. మొన్న ఆదివారం స్కూటర్ ఆపి లోపలికి వెళ్లాం. పట్టాలు లేవు, బోర్డు లేదు. గోడలో చెయ్యి పట్టేంత కిటికీ మాత్రం ఉంది. అది టికెట్ల కిటికీ అన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

పక్క కళ్లంలో జీడిపిక్కలు ఎండబెడుతున్న ముసలమ్మను అడిగాం.

"టేసనే అమ్మా. పెళ్లయ్యాక ఈ రైల్లోనే వొచ్చినాను. నా సెప్పు జారిపోతే మా ఇంటాయన దిగి, అది తీసుకుని, పరుగెట్టి మళ్లీ ఎక్కీసినాడు," అంది.

"రైలు ఆగిందా?" అన్నారు మా ఆయన.

"ఎందుకాగుతాది బాబూ? అదెప్పుడూ మనిసి నడకే నడిసీది."

ముగ్గురం చాలాసేపు నవ్వుకున్నాం. మా ఆయనే ఫోన్ తీసి, ఆమెను ఆ కిటికీ దగ్గర నిలబెట్టి ఫొటో తీశారు.