ఉరుము నుదుటి మీద చెమట

స్టూడియోలో చిన్నా పెద్దా అందరికీ ఆమె మేకప్పక్క. కుర్చీలో మంత్రి కూర్చున్నా, వాతావరణం చెప్పే అమ్మాయి కూర్చున్నా మెడ చుట్టూ తువ్వాలు కట్టి, "కదలకండి, కనుబొమ్మ పక్కింటికి పోతుంది" అనేది. కడుపులో చల్ల కదలకుండా సాగుతున్న ఉద్యోగం.

సాయంత్రం చర్చ నడిపే ఆయనకు జనం పెట్టిన పేరు ఉరుము. ఆయన ముఖానికో ప్రత్యేక పద్ధతి ఉండేది. మిగతావాళ్లకు చెమట తుడవాలి, ఆయనకు చెమట పెట్టాలి. ప్రకటనల విరామంలో, అరుపులు అందుకోబోయే ముందు, ఆయన నుదురు ముందుకు చాపేవాడు. ఆమె గ్లిజరిన్ కలిపిన నీళ్లు చిలకరించేది. కెమెరా దగ్గరికి రాగానే ఆ చుక్కలు కోపంలా మెరిసేవి. నటుడికి మీసం అతికించడం లాంటిదే అనుకునేది ఆమె.

ఒక వారమంతా ఉరుము వంతెన అవతలి పేట మీద పడ్డాడు. అక్కడివాళ్లంతా దొంగలనీ, వాళ్లకు ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లు ఊరికి ద్రోహులనీ ఊగిపోయాడు. మేకప్పక్క పుట్టింది ఆ పేటలోనే. వంతెన ఇవతల అద్దెకుంటున్న ఆమె చెల్లెల్ని ఇంటాయన ఖాళీ చేయమన్నాడు.

"నాకేం లేదమ్మా. ఆయన అంత బాధపడి చెబుతున్నాడు కదా. చెమటలు కక్కుకుంటున్నాడు, పాపం" అన్నాడట.

ఆ మాట మేకప్పక్కకు అన్నం సయించనివ్వలేదు. ఆ చెమట తన చేతిదే.

ఆదివారం పేటలో పెట్టిన సభలో లేచి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఎవరో ఫోన్లో తీశారు. తెల్లారేసరికి ఊరంతా పాకింది.

సోమవారం ఉరుము అద్దం ముందు కూర్చుని చాలా నెమ్మదిగా మాట్లాడాడు. వెనక ప్రొడ్యూసర్ నిలబడ్డాడు.

"అబద్ధం చెప్పానని కెమెరా ముందు ఒక్క మాట అను. లేదంటే రేపట్నించి రానక్కర్లేదు."

"జరిగిందే చెప్పాను సార్. అబద్ధమని ఎట్లా అంటాను?"

"నా నోరు నొక్కాలనుకునే వాళ్లతో చేరావన్నమాట."

"మీ నోటికి అడ్డమొచ్చిందెవరు సార్? రోజూ ఊరంతా మీకే చెవులప్పగిస్తోంది. నేను నోరు తెరిచింది ఒక్కసారి. అప్పుడే తాళం పట్టుకొచ్చారు."

ప్రొడ్యూసర్ గొంతు సవరించుకున్నాడు. "పొయ్యి వెలగాలి కదక్కా."

"వెలుగుతుంది. ఊళ్లో పెళ్లికూతుళ్లకి ముఖాలు లేవా?"

ఆ పూట పని మాత్రం ఎగ్గొట్టలేదు. ఉరుము ముఖానికి పౌడరు శుభ్రంగా అద్దింది. గ్లిజరిన్ నీళ్ల సీసా తన పెట్టెలో వేసుకుంది. "ఇక చెమట మీరే పట్టించుకోండి" అని తువ్వాలు దులిపి బయటికి నడిచింది.

నేరుగా చెల్లెలి ఇంటాయన దగ్గరికే వెళ్లింది. హాల్లో టీవీలో చర్చ మొదలైంది. ఆమెను చూసి ఆయన మొహమాటపడి రిమోటు వెతుక్కున్నాడు.

"కట్టేయకండి బాబాయిగారూ. ఆయన చెప్పేది చెప్పనీయండి. విరామం రాగానే నేను చెబుతాను."

ప్రకటనలు వచ్చాయి. ఆమె సీసా తీసి, "ఇటు తిరగండి" అంది. ఏమిటో అర్థమయ్యేలోపు ఆయన నుదుటి మీద చిలకరించి, గోడమీది అద్దం తెచ్చి ఎదురుగా పట్టుకుంది. ఊరి కోసం కుమిలిపోతున్న పెద్దమనిషి ఒకాయన అద్దంలోంచి బిత్తరపోయి చూశాడు.

ఆయన తుడుచుకోబోయాడు.

"ఉండండి" అంది మేకప్పక్క. "ఆ చెమటతోనే చెప్పండి. మా చెల్లెలు మీ ఇంట్లో ఏం దొంగిలించింది?"