పళ్లతో వినే మేస్త్రి

మా వీధిలో నీళ్ల పైపులు బాగుచేసే మేస్త్రికి చెవుడు. ముప్పయ్యేళ్లు గోడలు కొట్టీ కొట్టీ చెవులు పోయాయి. అందుకే ఇనప ఊచ ఒకటి వెంట ఉంచుకుంటాడు. ఒక కొన పైపుకు ఆనించి, రెండో కొన పళ్ల మధ్య బిగబట్టి కళ్లు మూసుకుంటాడు. లోపల నీళ్లు పారుతుంటే దవడ ఎముకకు తెలిసిపోతుందట. కాగితం మీద ప్రశ్నలు రాసిస్తూ ఆయన చేత ఈ సంగతులన్నీ చెప్పించుకున్నాను.

"ఈ ఊచ ఇంకొకరి నోట పెట్టింది ఒక్కసారే" అన్నాడు.

అది జరిగిన ఇంట్లో, రెండో అంతస్తులో, బట్టలు కుట్టే ఆవిడ ఒక్కర్తే ఉంటుంది. నెల్లాళ్లుగా మధ్యాహ్నం నాలుగయ్యేసరికి ఏ కుళాయి తిప్పినా నీళ్లు దారంలా వస్తున్నాయి. ఆమె వాటాకు విడిగా ఉన్న ట్యాంకు ఊరికే ఖాళీ అవుతోంది. కుళాయి కట్టేయడం అక్కే మర్చిపోతోందని తమ్ముడి నమ్మకం. పైపుల్లో లోపం లేదని మేస్త్రి తేల్చేస్తే, ఆ సాయంత్రమే ఇల్లు ఖాళీ చేయించి ఆమెను తన ఇంటికి తీసుకుపోదామని వచ్చి కూర్చున్నాడు.

"రేపు గ్యాసు కట్టేయడం కూడా మర్చిపోతావక్కా."

"నీ పెళ్లిరోజు ఏటా నీకు గుర్తుచేసేది ఎవర్రా?"

"పైగా పైపు చప్పుడు వినడానికి చెవిటాయన్ని పిలిచావు. సరిపోయింది!"

పెదవులు చూసి ఆ మాట పట్టేసిన మేస్త్రి, నవ్వి ఊరుకుని మేడెక్కాడు. ట్యాంకు నిండుగా ఉంది. వాల్వు పూర్తిగా తెరిచే ఉంది. కుళాయిల జాలీలు విప్పి చూశాడు, చెత్త లేదు. కుళాయిలన్నీ తన చేత్తోనే కట్టేసి, ట్యాంకులో నీళ్లున్నంత మేర గీత గీశాడు. నాలుగు దాటింది. పావుగంటలో నీళ్లు గీతకు రెండు వేళ్లు దిగాయి. ఇంట్లో ఎక్కడా చెమ్మ లేదు.

వంటింటి గోడ దగ్గర ఊచ కరిచాడు. నీళ్లు పారుతున్నాయి. ఆగాయి. మళ్లీ పారాయి.

"కారే నీళ్లకి ఆగడం తెలీదు బాబూ. ఇదెవరో కుళాయి తిప్పుతూ, కట్టేస్తూ ఉన్నట్టుంది."

తమ్ముడు ఎగతాళిగా చూశాడు. మేస్త్రి ఊచ తుడిచి అతని చేతికిచ్చాడు. కరిచిన కాసేపటికే అతని మొహం పాలిపోయింది.

"చేతులు కడుక్కుంటున్నారు" అన్నాడు మెల్లగా.

ఆ గోడకు అవతల గది లేదు. రెండంతస్తుల ఎత్తున వట్టి గాలి. మేస్త్రి ఉలితో గోడ చెక్కాడు. లోపల పాత పైపు ముక్క జానెడు దూరం బయటివైపు పోయి, ఒక మూతతో ఆగిపోయింది. మూత బిర్రుగా ఉంది. పొడిగా ఉంది. వేలు ఆనిస్తే మాత్రం సన్నగా వణుకుతోంది.

"పదక్కా, ఇక్కడ ఒక్క క్షణం ఉండొద్దు."

"నేను మర్చిపోవట్లేదుగా?"

"లేదే తల్లీ, నువ్వు కాదు. ఒప్పుకుంటున్నా."

"అయితే నేనెక్కడికీ రాను. నెల్లాళ్లుగా నా బుర్రేమైపోతుందోనని హడలి చచ్చాన్రా. నీళ్లకి కాదు."

మేస్త్రి సిమెంటు కలిపి గోడ పూడ్చాడు. ఆరేదాకా తడిచేత్తో ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాడు. తీరా చూసుకుంటే, అక్కాతమ్ముళ్లిద్దరూ తన వెనక ఉన్నారు. ఆ మాట గోడకేసి చెప్పాడట.