రషీదాబీ ఎంచిన మేనేజర్లు

కోరుట్లల పని సక్కగ చేసే మనిషి ఎవలు కండ్లవడ్డా రషీదాబీ నోట ఒక్కటే మాట అచ్చేది: "గంగారాంను తీసేసి, మన టీంకు గీయనను మేనేజర్ను చెయ్యుండ్రి."

ఆమె ఇల్లు ఫుట్‌బాల్ గ్రౌండును ఆనుకొని ఉంటది. పెనిమిటి పోయి చానా ఏండ్లాయె, పిల్లలు లేరు. పొద్దందాక వాకిట్ల చాట ఒళ్లె పెట్టుకొని బీడీలు చేసుడు, నడుమెత్తు గోడ మీంచి ఆట చూసుడు, గంగారాంను తిట్టుడు. గీ మూడు పనులు ఒక్కపారే నడిచేటివి. చెయ్యి ఆగకపోయేది, నోరూ ఆగకపోయేది.

ఒకసారి వేములవాడ జాతర నుంచి బస్సుల అచ్చింది. సీట్లకు రెండంతల మందిని ఎక్కించుకున్న కండక్టర్, ఎవల కాలు ఎవలు తొక్కకుంట నిలవెట్టిండట. బస్సు దిగి ఇంట్లకు గూడ పోలేదు, సీదా గోడకాడికే అచ్చింది. అంతమందిల ఎవలు యాడ నిలవడాల్నో ఆయనకు ఎర్కున్నది, నీకు పదకొండు మందిని నిలవెట్టరాదాయె అని గంగారాంతోని అన్నది. ఇంకోసారి గొర్లు కాసే మొగిలయ్య మందనంత ఒక్క కూతతోని సడక్ దాటిచ్చిండు. ఆయన్ను చెయ్యుమన్నది. పెండ్లిల చుట్టాలు ఎక్కువచ్చినా బిర్యానీ సరిపెట్టిన వంటాయన్ను చెయ్యుమన్నది. ఒకనాడైతే దర్జీ కమాలుద్దీన్ కోడిని చూపెట్టింది. దాని ఎనుక పిల్లలు వరుసగ పోతున్నయి. "ఒక్కటన్న ఆగమైతుందా చూడు గంగారాం," అన్నది.

గంగారాం సిరిసిల్లల పుట్టిండు. ఇంట్ల రాత్రింబగళ్లు బట్ట నేసే సాంచెల చప్పుడు. ఆ చప్పుడు పడక కోరుట్లకచ్చి బట్టల దుకాణంల గుమాస్తాగ కుదిరిండు. తీరా అచ్చినంక కిరాయి అర్రల చప్పుడు లేక నిద్ర పట్టకపోయేది. టీంకు మేనేజర్ ఎట్లయిండంటే, ఉన్నాయన నౌకరీ దొరికి పోయిండు, మిగిలినోళ్లకు ఇండ్లల్ల పనులున్నయి. గంగారాంకు సాయంత్రమైతే పోనీకి జాగ లేదు. అందుకే అయిండు.

టీం ఓడుతనే ఉండె. ఓడిననాడు రషీదాబీ గోడ పక్కనే ఉన్న మునావర్ హోటల్‌ల చాయ్ గిలాస ముంగట పెట్టి మునావర్ మొకం తిప్పుకునేటోడు. దోస్తులు రోడ్డు దాటి అటు పక్క నుంచి పోయేటోళ్లు. ఆ వారమంత గంగారాంను పేరు వెట్టి పిలిచే మనిషి రషీదాబీ ఒక్కతే. తిట్టనీకే పిలిచేది. అయినా ఆయన గోడ పక్కపొంటనే నడిచిపోయేటోడు.

గట్ల ఉండంగ జగిత్యాలోళ్లతోని ఆడి ఏడు గోల్‌లతోని ఓడిన్రు. అండ్ల ఒకటి మన గోల్‌కీపర్ సామేలు మన గోల్‌లనే ఏసుకున్నది. తెల్లారి సాయంత్రం మునావర్ హోటల్‌ల ఊరంత కూడింది. గంగారాం మూలకు కూసున్నడు. తప్పు బూట్లదని అంజయ్య అన్నడు. అంజయ్య బూట్ల దుకాణం పెడుదామనుకుంటున్నడు. తప్పు మేనేజర్‌దని మిగిలినోళ్లంత అన్నరు. ఆఖరికి మునావర్ జగిత్యాల జనార్దన్ పేరు చెప్పిండు. ఆయన హైదరాబాదుల పెద్ద ఆటలు చూసిండు, సొంతంగ ట్రాక్ ప్యాంట్ ఉన్నది. అందరు తలకాయ ఊపిన్రు. గంగారాం కూడ, ఏం చెయ్యాల్నో తెలువక, ఊపిండు.

అప్పుడు గోడ అవతల నుంచి రషీదాబీ అడిగింది: "జనార్దన్ ఎందుకు? కమాలుద్దీన్ కోడి లేదా?"

హోటల్ అంత నవ్వింది. కోడికి జీతమెంతని కమాలుద్దీన్ అడిగిండు. పొదుగుడు కాలంల ఆట ఉంటే ఎట్లనని ఇంకొకడు అడిగిండు. ఆ లొల్లిల జనార్దన్ పేరు యాడనో పడిపోయింది. మళ్ల శుక్రారం జుమ్మానాడు చూద్దామని లేచిన్రు.

అవి గోడల మీద నక్సలైట్ల ఎర్ర రాతలు రాత్రి పుట్టి పొద్దుగాల సున్నం కింద పోయే రోజులు. నలుగురు పోరగాండ్లు ఒక్కకాడ నిలవడితే ఎందుకని అడిగేటోళ్లు ఉండిరి. గంగారాంకు గా సంగతి యాదికి లేదు. ఏడు గోల్‌ల సిగ్గుతోని పోరగాండ్లను తెల్లారకముందే మబ్బుల లేపి ఊరవతల ఉరికిచ్చిండు. బయటి నుంచి అచ్చిన స్పెషల్ పోలీసులకు చీకట్ల వరుసగ ఉరికే పోరగాండ్లు కనవడ్డరు, గంగారాం సీటీ ఊదుడు ఇనవడ్డది. అందరిని వ్యాన్‌ల ఏసుకపోయిన్రు.

పొద్దెక్కేసరికి తల్లులు, తండ్రులు ఉరుక్కుంట అచ్చిన్రు. ఒక్కొక్కని చెయ్యి వట్టుకొని తీస్కపోయిన్రు. మధ్యాహ్నానికి ఠాణ వరండల గంగారాం ఒక్కడే మిగిలిండు. నీకోసం ఎవరూ రాలేదేమని ఆఫీసర్ అడిగిండు. ఎవలూ రాని మనుషులు ఏమైతరో ఆ రోజులల్ల ఎవలూ పెద్దగ మాట్లాడకపోయేది. గేటు దిక్కు చూసుడు బంద్ వెట్టి బండల దిక్కు చూసుకుంట కూసున్నడు.

అప్పుడు బుర్ఖా ఏసుకొని రషీదాబీ అచ్చింది.

"ఈయన మీకేమవుతాడమ్మా?" ఆఫీసర్ అడిగిండు.

"ఏం గాడు సాబ్. మా టీం మేనేజర్."

"చీకట్లో కుర్రాళ్లకి ట్రైనింగ్ ఇస్తున్నాడు. ఎవరి కోసం?"

రషీదాబీ ఒక అడుగు ముంగటికేసింది. "గీయన ట్రైనింగ్ నువ్వు చూడలేదు సాబ్, నేను చూసిన. ఎడమకు ఉరుకుమంటే పోరగాండ్లు కుడికి ఉరుకుతరు. మా గోల్‌ల మేమే బాల్ ఏసుకుంటం. గీయన దళం వెడితే మీరు అడివి దాక పోవుడు గూడ అక్కెర లేదు. దారి తప్పి వాళ్లే మీ దగ్గరికస్తరు."

కానిస్టేబుల్ ఒకడు మొకం గోడకు తిప్పుకున్నడు. ఆమె ఆగలేదు. ఓడిన ఆటలన్ని ఒక్కొక్కటి చెప్పింది. గంగారాం చేసిన తప్పులు, చెయ్యబోయి మరిచిన తప్పులు, అన్ని చెప్పింది. గంగారాం తలకాయ వంచుకొని ఇన్నడు. అప్పుడు ఆయనకు ఆమె చేతులు కనవడ్డయి. బుర్ఖా అంచును బీడీ లెక్క చుడుతున్నయి, ఇప్పుతున్నయి.

ఇకపైన ఎండొచ్చాకే పరిగెత్తండని చెప్పి ఆఫీసర్ పొమ్మన్నడు. రషీదాబీ గేటు దాక పోయి ఎనుకకు తిరిగింది. "పొద్దుగాల గంత మంది పోరగాండ్లను చప్పుడు లేకుంట కూసోవెట్టినవట సాబ్, మా టీంకు..."

"వద్దమ్మా," అన్నడు ఆఫీసర్.

ఇద్దరు గ్రౌండు దాక నడిచి అచ్చిన్రు. ఆమె ఇంట్లకు పోయింది. మునావర్ గంగారాంను పిలిచి, మొకం తిప్పుకోకుంట, ఎదురుంగ కూసోని చాయ్ తాపిచ్చిండు. జనార్దన్ రానని కబురు పంపిండట. అది చెప్పి మునావర్ అడిగిండు: "ఇన్నొద్దుల సంది ఆమె ఎంతమంది పేర్లు చెప్పింది? అండ్ల నీ జాగల నిజంగ అచ్చి కూసునేటోడు ఒక్కడన్న ఉన్నడా?"

గంగారాం కండక్టర్‌ను, మొగిలయ్యను, కోడిని యాదికి తెచ్చుకున్నడు. చాయ్ సల్లగయింది.

సాయంత్రం గ్రౌండు ఖాళీగున్నది. పోరగాండ్లను ఇండ్లల్లకెళ్లి ఎల్లనిస్తలేరు. గంగారాం గోడకాడికి కాదు, మొదటిసారి వాకిట్లకే పోయిండు. షుక్రియా చెప్పబోయిండు. ఆమె తిన్నవా అన్నది, రెండు రొట్టెలు, ఖట్టా దాల్ పెట్టింది. ఆయన తింటుంటె బీడీలు చేస్కుంట కూసున్నది. చీకటి పడంగ, గోడ అవతల ఎవలన్న ఉన్నరా అని చూసి, మెల్లగ అడిగింది.

"ఒక మాట అడుగుత, ఎవలకు చెప్పకు బేటా. గా ఆఫ్‌సైడ్ అంటరు. గదేంది?"

గంగారాం చెయ్యి కడుక్కొని అచ్చిండు. చాటల బీడీలను ఇటు కొన్ని, అటు కొన్ని పేర్చిండు. ఒకదాన్ని ముంగటికి జరిపిండు. మళ్ల ఎనుకకు జరిపిండు. ఆఖరికి అన్నిటిని కలిపేసిండు.

"నాగ్గూడ సక్కగ ఎర్క లేదు చాచీ," అన్నడు.