అడ్డం వేసిన కొమ్మ

పక్కింట్లో బాడిగకుండే కంపెనీ పిల్ల నిన్న తడిసిన వీపుసంచి తెచ్చి మా రెండిళ్ళకూ ఉమ్మడిగా వున్న గోడ మీద ఆరేసింది. అట్లాంటి ముతక గుడ్డ తడిసి సగం ఎండితే ఒక వాసన వస్తుంది. చెమట, కుళ్ళిన ఆకు, కట్టెల పొగ మూడూ అందులో వుంటాయి. హోసూరు దగ్గర జూజువాడిలో నా కూతురింటి అరుగు మీద బియ్యం ఏరుతూ కూర్చొన్నదాన్ని, ఆ వాసనకు నా చేతులు నిలిచిపోయినాయి. కొండకు పోయింటివా అని అడిగితే, ఔనవ్వా, పైన మడుగు దగ్గర గుడారం వేసుకొని వుండి వచ్చినాము అనింది. ఏంటికి పోయినావని ఆ పిల్లను అడగబుద్ధి కాలేదు. ఆ ప్రశ్న నేను అడగాల్సిన మనిషి ఒకామె వుండింది. అడగాల్సిన నాడు నేను ఆమెను అడగలేదు. ఆమె పేరు సరోజమ్మ. నా చదువు రెండో తరగతి, రాసింది కొట్టేసి కాయితం పారేసే అలవాటు లేదు, కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తాను.

తొంభైల్లో మాది డెంకణికోట అవతల అడవి అంచున వుండే ఊరు. మా ఆయన పోయినాక పశువులను నేనే కొండకు తోలేదాన్ని. కొండ మీద రెండు బండల నడుమ ఎండాకాలంలో కూడా ఎండని నీటి మడుగు వుంది. దాన్ని మేము దొణ అంటాము. ఊళ్ళో బావులు అడుగంటినప్పుడు మా మందలన్నీ ఆ నీళ్ళ మీదే బతికేవి. సరోజమ్మ మొదటిసారి వచ్చినప్పుడు ఆమెకు యాభై దాటింది. హోసూరు బజారులో గుడ్డలంగడి వాళ్ళ ఇంటి ఆడకూతురు. పెళ్ళి చేసుకోలేదు, ఏదో కంపెనీలో పటాలు గీసే పని చేసేది. చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకొని, కాళ్ళకు గుడ్డబూట్లు తొడుక్కొని, వీపు మీద సంచి, వెనకాల కంపెనీలో ఆమెతో పనిచేసే వాళ్ళు ఆరేడుమంది. దొణకు దారి చూపించు, కూలి ఇస్తాననింది. ఆడ ఏముందమ్మా అంటే, ఏమీ లేదు, సుమ్నే, ఊరికే నడిచేదానికి అనింది.

బియ్యం మోసుకొని కొండెక్కి, ఆడ వండుకొని తిని, గిన్నెలు తోముకొని మళ్ళీ దిగి వచ్చేదానికి ఇంట్లోనే తినకూడదా అన్నాను. ఆమె నవ్వి, ఇంట్లో అంత రుచి వుండదు మునెమ్మా, రా, నీకూ పెడతా అనింది.

"నీ రుచికి నా కాళ్ళేల అరగాల?" అన్నాను.

అన్నాను గానీ పోయినాను. కూలికి కాదు, ఆమెను కనిపెట్టేదానికి. నా పుట్టిల్లు కుందారపల్లి దగ్గర. మా నాయన గొర్రెలు మేపిన గుట్టకు నా చిన్నప్పుడు ఒకాయన వచ్చినాడు. బండ మీద చెంబుడు నీళ్ళు పోసి, వంగి, తడి రాతి రంగు చూసి పోయినాడు. మూడో ఏటికి ఆ గుట్ట సగం లేదు. దిమ్మెలు దిమ్మెలుగా కోసి లారీలకెత్తుకొని పోయినారు. మా నాయన గొర్రెలు అమ్మేసి అదే గుట్ట మీద రాళ్ళు కొట్టే కూలికి పోయినాడు. అప్పటి నుంచి కొండ మీదికి పని లేకుండా వచ్చిన మనిషిని నేను నమ్మింది లేదు.

సరోజమ్మ తీరు చూస్తే నా అనుమానం తగ్గేదానికి మారుగా పెరిగింది. ప్రతి గుట్టకూ ప్రతి వంకకూ నన్ను పేరడిగి పుస్తకంలో రాసుకొనేది. పొయ్యి ఒక్క అగ్గిపుల్లతో అంటించేది. అది మాత్రం నాకు నచ్చింది. అయితే దిగేటప్పుడు బూడిద మీద మన్ను కప్పి, కమలాపండు తొక్కలు కూడా ఏరి సంచిలో వేసుకొనేది. వచ్చిన గుర్తు లేకుండా చేసి పోయేది ఎవరు, దొంగలు కదా అనుకొన్నాను. మూడోసారి వచ్చినప్పుడు, ఎవరూ చూడలేదనుకొని, దొణ పక్కన నల్లబండ మీద సీసాలోని నీళ్ళు పోసింది. వంగి చూస్తూ వుండిపోయింది. మా నాయన గుట్ట మీద వంగి చూసినాయన గుర్తుకొచ్చినాడు. అయినా ఏంటికని అడగలేదు. అడిగితే అబద్ధం చెబుతుంది, జాగ్రత్త పడుతుంది, అడగకుండా వుంటే దొరుకుతుంది అని నా లెక్క.

దొణకు పోయే దారి జంటబండ దగ్గర రెండుగా చీలుతుంది. ఎడమది దొణకు, కుడిది నీటిచుక్క లేని బోడిగుట్టకు. మా మందల వాళ్ళకు ఒక కట్టుబాటు వుంది. ముందు పోయేవాళ్ళకు ఏనుగు కనిపించినా, చెట్టు విరిగి పడినా, పచ్చికొమ్మ ఒకటి విరిచి ఆ దారికి అడ్డం వేసి పోతారు. వెనక వచ్చేవాళ్ళు ఎందుకని అడగరు, ఇంకో దారి పడతారు. ఆ కొమ్మను దాటేవాళ్ళు లేరు, అబద్ధానికి వేసేవాళ్ళూ లేరు. ఇది సరోజమ్మకు చెప్పింది నేనే. దొణ నీళ్ళు తియ్యగా వుంటాయి, కింద నుంచి నీళ్ళు మోయొద్దు, తలా ఒక సీసా చాలు అని చెప్పింది కూడా నేనే.

ఆ యేడు శివరాత్రి దాటినాక సరోజమ్మ, వచ్చే ఆదివారం నువ్వు రావద్దులే, నీ ఆవు ఈనేటట్టుంది, దారి మాకు తెలిసిపోయింది కదా అనింది. నా మీద దయతో అన్న మాట అది. చూసేవాళ్ళు లేకుండా రాయి కొలుచుకొనేదానికని నేను అర్థం చేసుకొన్నాను. ఆదివారం తెల్లవారగానే జంటబండ దగ్గరికి పోయి, కానుగ కొమ్మ విరిచి, దొణ దారికి అడ్డం వేసి వచ్చినాను. ఎండలో తిరిగి అలిసిపోతే మళ్ళీ ఈ పక్క రారు అనుకొన్నాను. అంతకు మించి కీడు తలచలేదు. కానీ ఒక్కొక్క సీసా నీళ్ళతో పోతారన్నది నాకు ఆవుకు కుడితి పెట్టేటప్పుడు గానీ గుర్తుకు రాలేదు. అప్పటికే పొద్దు నడినెత్తికి వచ్చింది.

రెండు బిందెలు నింపుకొని, ఒకటి నెత్తిన, ఒకటి చంకన పెట్టుకొని ఎక్కినాను. ఆ దారిలో నేను మొక్కిన దేవుళ్ళను ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను. బోడిగుట్ట మీద ఒక బండ నీడలో అందరూ ఒకరికొకరు ఆనుకొని కూర్చొని వున్నారు. ఒక పిల్ల వాంతి చేసుకొని పడిపోయి వుంది. సరోజమ్మ ఆ పిల్ల తల ఒళ్ళో పెట్టుకొని, సీసా మూతతో కొలిచి కొలిచి నీళ్ళు పోస్తా వుంది. తన పెదవులు మాత్రం పగిలి నెత్తురు కారుతున్నాయి. మొదటి బిందె వాళ్ళు తాగినాక, ఈ పక్కకు ఏల వచ్చినారమ్మా అని అడిగినాను. ఏమీ ఎరగనట్టు అడిగినాను, అదీ రాయాలి కాబట్టి రాస్తున్నాను.

"పచ్చికొమ్మ వుండె మునెమ్మా. నువ్వే వేసింటావు, నీళ్ళ దగ్గర ఏనుగు చూసింటావు అనుకొన్నా. ఈ పిల్లోళ్ళు దాటి పోదామన్నారు. నేనే వద్దన్నా."

నేను రెండో బిందె వంచినాను. పడిపోయిన పిల్ల మొహం కడుగుతుంటే నీళ్ళు బండ మీదికి జారినాయి. బండకు పట్టిన నల్లటి పెచ్చు, బొగ్గు మాదిరి ఎండిపోయినది, నా కళ్ళ ముందే పచ్చబడింది. అంత నీరసంలోనూ సరోజమ్మ నా చెయ్యి పట్టుకొని లాగింది. చూడు, ఇది నాచు, చచ్చినట్టే వుంటుంది గానీ తడి తగిలితే చాలు, దీన్ని చూసేదానికే నేను బండల మీద నీళ్ళు పోసేది, ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు అనింది. ఆ పచ్చదనం చూడలేక నేను తల తిప్పుకొన్నాను.

ఆ పిల్ల కోలుకొనింది. నెల తరువాత వాళ్ళు మళ్ళీ వచ్చినారు.  జంటబండ దగ్గర అందరి ముందరా చెప్పేసినాను. కొమ్మ వేసింది నేనే, ఏనుగూ లేదు ఏమీ లేదు, మీరు రాయి కొనే వాళ్ళనుకొన్నాను అని. ఒకాయన ఈమెను ఊళ్ళో పెద్దలకు పట్టించాల అన్నాడు. సరోజమ్మ ఆయన్ను ఊరుకోమనింది. నా మొహం చూసి ఒక్కటే మాట అనింది.

"నీళ్ళు పోసి ఏం చూస్తావే అని ఒక్క మాట అడిగింటే చెప్పేదాన్ని కదా."

 ఆ పొద్దు నుంచి ఒక పని మొదలుపెట్టింది. జంటబండ దగ్గర అందరినీ నిలిపి, తానే రెండు దారుల్లోనూ కొంత దూరం పోయి చూసి వచ్చేది. నేను ఇది మంచి దారమ్మా అన్నా సరే. కోపంతో కాదు. అన్నం నాకే ముందు పెట్టేది, నా ఆవు సంగతి అడిగేది, మళ్ళీ ఆడికి రాగానే, నిలువు మునెమ్మా, చూసొస్తా అని పోయేది. నేను బండ మీద కూర్చొని ఎదురుచూసేదాన్ని. అందరూ చూస్తుండగా నమ్మకం లేని మనిషిగా కూర్చోవడం ఎట్లా వుంటుందో అప్పుడు తెలిసింది. ఊళ్ళో ఎంతమందిని నేను అట్లా కూర్చోబెట్టినానో కూడా తెలిసింది. అయినా ఈమె మంచి మాటలు చెప్పి నన్ను వదిలించుకొంటుందేమోనని ఆ అనుమానమూ పడినాను. నా బుద్ధి అట్లాంటిది. ఆమె వదిలించుకోలేదు. ఆరేళ్ళు నన్ను పిలుస్తూనే వుండింది, ఆరేళ్ళూ చూసి వస్తూనే వుండింది.

రెండు వేలు దాటినాక ఒక కార్తీకంలో, ఆమె మోకాళ్ళు అప్పటికే సరిగ్గా లేవు, జంటబండ దగ్గర అలవాటుగా నేను కూర్చోబోయినాను. ఆమె నిలవలేదు. కట్టె ఊతంతో నా వెనకే వచ్చి ఆగింది. చూసి రావా అమ్మా అన్నాను.

"ఏంటికి? నువ్వు ముందున్నావు కదా. నడువు."

నేను నడవలేకపోయినాను.  ఇంతకాలం ఆమె చూసి వచ్చే దారి కాబట్టి నేను నిబ్బరంగా చెప్పినాను, ఇప్పుడు తప్పయితే ఆపేవాళ్ళు లేరు. మీరు ఈడే వుండండి అని చెప్పి, దొణ కనబడే దాకా ఒక్కదాన్నే పోయి, నీళ్ళు చూసి, అడుగుజాడలు చూసి, తిరిగి వచ్చి పిలుచుకొని పోయినాను. ఆమె నవ్వుకొనింది. రెండేళ్ళకు హోసూరులో చనిపోయింది. వాళ్ళ అంగడి వాళ్ళు నాకు కబురు పంపినారు.

మనుషులను అనుమానించే గుణం నన్ను వదలలేదు, వదులుతుందని కూడా అనుకోను. అనుమానం వస్తే మాత్రం ఎదురుగా పోయి అడిగేస్తాను, అందుకు నన్ను గయ్యాళి అంటారు. ఇంకొకటి కూడా వుంది. మొన్న రోడ్డు మీద ఎవరో ఒకామె, బిడ్డను ఎత్తుకొని, బాగలూరు బస్సు యాడ నిలుస్తుందవ్వా అని అడిగింది. నాకు తెలుసు. అయినా వుండమ్మా అని చెప్పి, మలుపు దాకా పోయి, బస్సు ఆడే నిలుస్తా వుందా అని చూసి వచ్చి చెప్పినాను. ఆ ఎండలో నడిచినందుకు నా కూతురు కోప్పడింది. తెలిసిందే కదా, కూర్చొన్న చోటి నుంచి చెప్తే చాలదా అనింది.

చాలదు అన్నాను.